కుక్కపిల్లకు మండల దీక్ష

ఆంధ్ర మహాభారతం ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్కపిల్ల కథ వస్తుంది, గుర్తుందా? జనమేజయ మహారాజు యాగం చేస్తూ వుండగా సారమేయమనే కుక్కపిల్ల ఆడుకుంటూ ఆడుకుంటూ అక్కడికి వెళ్ళింది. హోమద్రవ్యాలు ముట్టలేదు, ఎవరినీ కరవలేదు. అయినా రాజుగారి తమ్ములు ముగ్గురూ కలిసి దాన్ని చావగొట్టారు. అది ఏడుస్తూ వెళ్ళి తల్లితో చెప్పుకుంది. తల్లి సరమ ఊరుకునే రకం కాదు. నేరుగా రాజు దగ్గరికే వచ్చి, ఏ పాపం ఎరగని పసిదాన్ని కొట్టినందుకు మీకు ఎన్నడూ అనుకోని భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్ళిపోయింది. అంతటి మహారాజుకూ దిగులు పట్టుకుంది. శాంతి చేయించే పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరాడు.

నన్నయగారు యీ కథను తెలుగులో చెప్పి సుమారు వెయ్యేళ్ళు అయింది. కుక్కపిల్లను పసితనంలో బెదరగొడితే ఆ భయం తిరిగి తిరిగి ఆ యింటివాళ్ళ గుమ్మంలోకే వస్తుందన్న మాటను యీనాటి శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి మరీ చెబుతున్నారు. ఆ లెక్క మన గేటు ముందున్న కుక్కకు ఎట్లా వర్తిస్తుందో యీ వారం చూద్దాం.

హైదరాబాదు నుంచి బొంబాయి వెళ్ళే పెద్దరోడ్డు పట్టుకొని రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది దాటుకుంటూ సంగారెడ్డి దాకా ఒకసారి వెళ్ళి చూడండి. 1960లలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం వచ్చింది. 1972లో ఇక్రిశాట్ పరిశోధన కేంద్రం వెలిసింది. తర్వాత పాశమైలారం, బొల్లారం, జిన్నారం చుట్టుపక్కల ఫ్యాక్టరీ పక్కన ఫ్యాక్టరీ లేచింది. వాటి వెనకాలే కాలనీలూ లేచాయి. ఏళ్ళ తరబడి అద్దె యిళ్ళు మారిన ఉద్యోగి ఎట్టకేలకు నూటయాభై గజాల్లో సొంత యిల్లు కట్టుకుంటాడు. గృహప్రవేశమైన నెల తిరక్కుండానే గేటుకు 'కుక్క వున్నది జాగ్రత్త' అని బోర్డు తగిలిస్తాడు. బోర్డు వచ్చాక కుక్క రావద్దూ మరి!

కుక్కపిల్ల వస్తుంది. మొదటి మూడు రోజులూ దానికి రాజభోగం. పిల్లలు దాన్ని కింద దించరు. నానమ్మగారు పైకి విసుక్కుంటూనే పెరుగన్నం కలిపి పెడుతుంది. నాలుగో రోజున అది హాల్లో తడి చేస్తుంది. అయిదో రోజున మెడకు గొలుసు పడుతుంది, గేటు పక్కన చోటు దొరుకుతుంది. "ఎవరికీ చనువివ్వనివ్వకండి, అప్పుడే కాపలాకు పనికొస్తుంది" అని పక్కింటాయన సలహా చెబుతాడు. వచ్చే పోయే కుర్రాళ్ళు గేటు మీద కర్రతో టకటకమనిపించి దాన్ని రెచ్చగొడుతూ వుంటారు. అది ఎగిరెగిరి మొరుగుతుంటే "చూశారా, ఎంత పౌరుషమో!" అని యజమాని మురిసిపోతాడు.

అది పౌరుషం కాదండీ, భయం. తోక కాళ్ళ మధ్య ముడుచుకొని, చెవులు వెనక్కి వాల్చి, నాలుగడుగులు ముందుకు దూకి ఆరడుగులు వెనక్కి తగ్గే కుక్కను ఎప్పుడైనా గమనించారా? 'నా దగ్గరికి రావద్దు బాబోయ్' అని అది మొత్తుకుంటున్నది. దగ్గరికి రానే వస్తే, పారిపోవడానికి గొలుసు అడ్డు. యిక దానికి మిగిలింది పళ్ళే. 'అరిచే కుక్క కరవదు' అనే సామెతను నమ్ముకొని అట్లాంటి కుక్క దగ్గరికి చెయ్యి చాపకండి సుమా!

యింతకూ యీ భయం ఎక్కడినుంచి వస్తుంది? 1961లో అమెరికాలో ముగ్గురు శాస్త్రజ్ఞులు, ఫ్రీడ్‌మన్, కింగ్, ఇలియట్ అనేవారు, ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించారు. ఎత్తయిన కంచె కట్టిన పొలంలో తల్లి కుక్కలనూ పిల్లలనూ వుంచారు. తిండీ నీళ్ళూ మనిషి కంటబడకుండా అందేట్టు ఏర్పాటు చేశారు. కొన్ని పిల్లలను రెండో వారంలో, కొన్నింటిని మూడో వారంలో, మరికొన్నింటిని అయిదు, ఏడు, తొమ్మిదో వారాల్లో ఒక్కొక్క వారం పాటు మనుషుల మధ్యకు తెచ్చి ఆడించి మళ్ళీ పొలంలో వదిలారు. కొన్నింటిని మాత్రం పద్నాలుగు వారాలు నిండేదాకా మనిషి చెయ్యి తగలనివ్వలేదు. నడుమ కాలంలో, ముఖ్యంగా అయిదు నుంచి తొమ్మిది వారాల మధ్య, ఒక్క వారం మనుషులను చూసినవి చక్కగా మచ్చికయ్యాయి. అసలు చూడనివి మటుకు అడవి జంతువుల్లా తయారయ్యాయి. అన్నీ కంచె కట్టిన పొలంలో పెరిగిన పిల్లలే. తేడా వచ్చిందల్లా ఆ కొద్ది వారాల్లోనే.

తర్వాత 1965లో స్కాట్, ఫుల్లర్ అనే యిద్దరు పెద్దలు, ఎన్నో ఏళ్ళు ఎన్నో జాతుల కుక్కపిల్లలను పెంచి చూసి, తమ పరిశీలనలన్నీ ఒక పుస్తకంగా వెలువరించారు. మూడో వారానికి కుక్కపిల్లకు కళ్ళూ చెవులూ పనిచేయడం మొదలవుతుంది. అప్పటినుంచి పన్నెండు, మహా అయితే పద్నాలుగు వారాల దాకా దాని మనసు తలుపులు బార్లా తెరిచి వుంటాయి. ఆ రోజుల్లో చూసినదల్లా 'నావాళ్ళు, నా లోకం' అని రాసుకుంటుంది. ఆ తర్వాత తలుపు మెల్లగా మూసుకుంటుంది. అప్పుడు ఎదురయ్యే ప్రతి కొత్తదీ దానికి అనుమానాస్పదమే. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దలు అననే అన్నారు గదా! ఎన్ని వారాల మొక్కో శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పారు, అంతే.

యిప్పుడు మనం ఒక చిన్న కూడిక, తీసివేత చేద్దాం. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని 2017లో కేంద్ర ప్రభుత్వం నియమాలు పెట్టింది. అది మంచి నియమమే. ఆ ఎనిమిది వారాల్లో పిల్ల తల్లి దగ్గరా తోబుట్టువుల దగ్గరా ఎంత గట్టిగా కరిస్తే నొప్పి పుడుతుందో నేర్చుకుంటుంది. అంటే పిల్ల మన యింటికి వచ్చేసరికి ఎనిమిది వారాలు అయిపోయాయి. తలుపు మూసుకునేది పద్నాలుగో వారానికి. మిగిలినవి ఆరు వారాలు, నలభై రెండు రోజులు. అయ్యప్ప స్వాములు దీక్ష పట్టే మండలం కన్నా ఒక్క రోజు ఎక్కువ! ఆ మండలం రోజులు మీరు నిష్ఠగా వుంటే, పదీ పన్నెండేళ్ళు కుక్కా మీరూ హాయిగా బతుకుతారు. ఆ మండలాన్ని గేటు దగ్గర గొలుసుకు కట్టి పోగొట్టుకుంటే, తర్వాత ఎన్ని వేలు పోసి శిక్షకుణ్ణి పెట్టుకున్నా పని రెండింతలు, ఫలితం సగం.

మామూలు పల్లెటూళ్ళో కుక్కపిల్లకు యీ చదువు దానంతటదే వచ్చేది. అరుగు మీద పెరిగేది. గొర్రెల మంద, బడి పిల్లలు, కర్రపట్టుకొని నడిచే తాత, నెత్తిన గంప పెట్టుకున్న అవ్వ, అందరూ దాని ముందునుంచే పోయేవారు. పారిశ్రామిక కాలనీలో ఆ అరుగు లేదు. ఆరడుగుల గోడ, యినప గేటు వున్నాయి. ఆ గేటు బయట మాత్రం దేశమంతా వుంది. బీహారు, ఒరిస్సా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన కార్మికులు, హెల్మెట్లు, బరువైన బూట్లు, తెల్లవారుజామున నైట్ షిఫ్టు దిగి నిద్రకళ్ళతో నడిచి వచ్చేవాళ్ళు, పార్సెల్ కుర్రాళ్ళు, గ్యాస్ బండివాళ్ళు. గోడ లోపలే పెరిగిన కుక్కకు వీళ్ళలో ఒక్కరూ తెలియదు. అందుకే ఒక్కొక్కరినీ దొంగ కిందే జమకడుతుంది.

యిక్కడ కుక్కలంటే జనానికి భయం వుండడానికి కారణం లేకపోలేదు. 2024 జూన్ నెలాఖరులో యీ ఇస్నాపూర్‌లోనే, బతుకుతెరువు కోసం బీహారు నుంచి వచ్చిన కుటుంబంలో ఆరేళ్ళ బాలుడు వీధి కుక్కల పాలబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. అవి వీధి కుక్కలు, మనవి యింటి కుక్కలు అని మనం సరిపెట్టుకోవచ్చు. కాని ముచ్చట తీరిపోయి, పొగరు అణగక, 'యిక దీంతో పడలేం' అని ఆటోలో ఎక్కించి రాత్రిపూట ఫ్యాక్టరీ గోడల వెనక వదిలేసి వచ్చే కుక్కలు ఎక్కడికి పోతాయి? మనిషంటే బెదురు తప్ప మరేమీ నేర్పని కుక్కను వీధిలో వదలడం, వీధికి మేలు చేయడం కాదు.

సరే, మండలం రోజులూ ఏం చేయాలి? పెద్ద ఖర్చేమీ లేదు. రోజుకు అరగంట ఓపిక కావాలి.

మొదటిది మనుషులు. రోజుకు ఒకరిద్దరు కొత్తవాళ్ళనైనా కుక్కపిల్ల చూడాలి. పాలబ్బాయి, చెత్త బండి అమ్మాయి, హెల్మెట్ పెట్టుకున్నవారు, గడ్డంవారు, బురఖావారు, గొడుగు పట్టుకున్నవారు, చేతికర్ర తాతగారు, అద్దాల రైకలతో వచ్చే తండా ఆడవాళ్ళు. మీరు దాన్ని ఎత్తుకొనో, పక్కన కూర్చోబెట్టుకొనో వుండండి. వచ్చినవారి చేత ఉడికించిన గుడ్డు ముక్కో, అన్నం మెతుకులో నేల మీద వేయించండి. మీద పడి ముద్దు చేయనక్కర లేదు. కుక్కపిల్ల తానై ముందుకు వెళ్ళి వాసన చూడాలి. వెళ్ళనంటే బలవంతం వద్దు. ఆ మనిషిని నాలుగడుగులు వెనక్కి జరగమనండి, ముక్క యింకొంచెం దూరంగా వేయమనండి. 'కొత్తవాళ్ళు వస్తే నాకేదో మంచి జరుగుతుంది' అనే ఒక్క ముక్క దాని బుర్రలో పడితే చాలు.

రెండోది చప్పుళ్ళు. కుక్కర్ విజిలు, మిక్సీ, ఫ్యాక్టరీ సైరన్, లారీల హారన్లు దానికి అలవాటు కావాలి. చప్పుడును మొదట దూరం నుంచి వినిపించండి, అది నిబ్బరంగా తింటూ వుంటేనే కొంచెం దగ్గరికి తీసుకువెళ్ళండి. ఆషాఢంలో బోనాల డప్పులు, వినాయక చవితి ఊరేగింపులు, పెళ్ళి బరాత్‌లు, సంక్రాంతికి గంగిరెద్దుల సన్నాయి, యిట్లా మన దగ్గర చప్పుళ్ళకు కొరత లేదు. అయితే బోనం ఊరేగింపు నడిమధ్యకు తీసుకుపోయి నిలబెట్టడం నేర్పడం కాదు, హింస. మేడ మీద నుంచి, మీ ఒడిలో కూర్చొని విననివ్వండి. దీపావళి టపాకాయల రాత్రి మటుకు తలుపులు వేసి, లోపలి గదిలో తోడుగా కూర్చోండి.

మూడోది చోట్లు. నున్నటి టైల్సు, బురద నేల, యినప జాలీ, మెట్లు, కదిలే ఆటో, స్కూటరు ముందు భాగం, యివన్నీ దాని కాళ్ళకు తెలియాలి. టీకాలు బాగా వేయించిన, శాంతమైన పెద్ద కుక్క వున్న స్నేహితుల యింటికి వెళ్ళి రావడం కూడా మంచి పాఠం. పశువుల డాక్టరుగారి దగ్గరికి సూది లేని రోజున కూడా ఒకసారి తీసుకువెళ్ళి, బల్ల మీద కూర్చోబెట్టి, ఒక ముక్క తినిపించి తీసుకురండి. ఆ బల్లంటే జీవితమంతా దానికి భయం వుండదు.

యిక్కడ తెలివైన గృహిణి తప్పకుండా ఒక ప్రశ్న వేస్తుంది: "టీకాలన్నీ పూర్తయ్యేదాకా బయటికి తేవద్దంటారే! పార్వో జబ్బు వస్తే?" న్యాయమైన సందేహమే. పార్వో 1978లో ప్రపంచమంతా వ్యాపించిన మహమ్మారి. నెత్తురు విరేచనాలతో పసి కుక్కలను రెండు మూడు రోజుల్లో తీసుకుపోతుంది. కాని టీకాల వరస ముగిసేసరికి పద్నాలుగో వారమో పదహారో వారమో వస్తుంది. అప్పటికి తలుపు మూసుకుపోతుంది! అమెరికాలో జంతువుల నడవడి చదివిన పశువైద్యుల సంఘం 2008లో దీనికి దారి చెప్పింది. మొదటి విడత టీకా వేయించి, నట్టల మందు పట్టించి, వారం గడిచాక శుభ్రమైన చోట్ల పరిచయాలు మొదలుపెట్టవచ్చునట. అనుభవంలో ఉన్నమాట కూడా అదే: ఎత్తుకొని తిప్పండి, నేల మీద దించకండి. వీధి కుక్కలు తిరిగే ఖాళీ స్థలాలు, చెత్తకుప్పలు, పార్కు గడ్డి, యివి టీకాలు పూర్తయ్యేదాకా వద్దు. మీ చంకలో కూర్చొని పటాన్‌చెరు సంత చూసి వస్తే దానికి జబ్బేమీ రాదు, లోకజ్ఞానం వస్తుంది. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా తప్పక వేయించండి, ఏటేటా డాక్టరు చెప్పినట్టు మళ్ళీ వేయించండి. యిందులో మటుకు బేరాల్లేవు. మనుషులకు వచ్చే రేబిస్ దాదాపు అంతా కుక్కకాటు వల్లనే. ఒకసారి లక్షణాలు బయటపడ్డాక బతికినవారు బహు అరుదు. ఏ కుక్క కరిచినా, ఆఖరికి మన యింటి కుక్కపిల్ల గీరినా, పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా నీళ్ళు పోసి కడిగి, ఆ రోజే సర్కారు దవాఖానకు వెళ్ళండి. పసుపూ కారమూ అద్దకండి.

కుక్కపిల్లకు చెప్పే పాఠాల్లో సగం మన పిల్లలకూ చెప్పాలి. అది తింటుండగా ముట్టుకోవద్దు. నిద్రపోతుండగా లేపవద్దు. తోక లాగవద్దు. మీద పడుకోవద్దు. అది మూతి నాక్కుంటూ, ఆవలిస్తూ, తల పక్కకు తిప్పుకుంటూ వుంటే 'యిక చాలు' అంటున్నదని అర్థం. పిల్లలను కరిచేది తరచుగా వాళ్ళు ఎరిగిన కుక్కే. అందుచేత చిన్నపిల్లనూ కుక్కనూ పెద్దవాళ్ళు లేకుండా ఒక గదిలో వదలవద్దు, అది ఎంత బుద్ధిమంతురాలైనా సరే.

"అందరితో స్నేహం నేర్పితే యిక కాపలా ఏం కాస్తుందండీ?" అని అయ్యవారి అభ్యంతరం. కుక్కకు తన యిల్లు, తన మనుషులు అనే అభిమానం పుట్టుకతో వస్తుంది. అది గొలుసు నేర్పేది కాదు. పాలబ్బాయినీ దొంగనూ ఒక్కలాగే మొరిగే కుక్క కాపలా కాస్తున్నట్టా? ఆ మొరుగుడుకు మీరే అలవాటుపడి, అసలు దొంగ వచ్చిన రాత్రి కూడా దుప్పటి ముసుగు తన్ని పడుకుంటారు. మామూలు లోకం ఎట్లా వుంటుందో తెలిసిన కుక్క, మామూలు కానిది వస్తే చెవులు నిక్కబొడుస్తుంది. ఆ మొరుగుకు విలువ వుంటుంది. జనాన్నీ చప్పుళ్ళనూ చూసి బెదిరే జాగిలం పోలీసులకూ పనికిరాదు. కాలిఫోర్నియాలో అంధులకు దారి చూపే కుక్కలను తయారుచేసే సంస్థవారు, పన్నెండు వారాలు దాటాక కూడా కుక్కలశాలలోనే వుండిపోయిన పిల్లలు ఎక్కువగా తప్పిపోతున్నాయని 1950లలోనే గమనించారు. అందుకే వాటిని పసితనంలోనే పిల్లలున్న సంసారాల్లో పెంచనిస్తారు. కళ్ళు లేని మనిషి ప్రాణం అప్పగించదగిన కుక్క తయారయ్యేది యింట్లో, పదిమంది మధ్యన!

గొలుసు సంగతి యింకొక్క మాట. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో, ఎప్పుడూ కట్టేసి వుంచే కుక్కకు తగినంత నడక, వ్యాయామం యివ్వకపోవడం కూడా నేరంగానే రాశారు. మరోవైపు, పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా చూసుకోని యజమానికి, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా ఖైదో, అయిదు వేల దాకా జరిమానాయో, రెండూనో పడవచ్చు. కుక్కను ఊరికే కట్టేయకూడదు, ఊరి మీదికి వదలకూడదు. యీ రెంటి మధ్య వున్న దారి ఒక్కటే: దానికి లోకం నేర్పడం.

మీ కుక్క యిప్పటికే పెద్దదైపోయిందా? నిరాశ పడకండి. తలుపు మూసుకుంది గాని తాళం పడలేదు. అవే పాఠాలు, యింకా దూరం నుంచి, యింకా మెల్లగా, వారాలకు బదులు నెలల తరబడి చెప్పాలి. అప్పటికే కరిచిన కుక్కయితే సొంత వైద్యం మానేసి పశువైద్యుణ్ణి అడగండి. కొట్టడం మటుకు ఏ వయసులోనూ మందు కాదు. భయంతో మొరిగే కుక్కను కొడితే, భయపడడం సరైన పనే అని దానికి రుజువు చూపించినట్టవుతుంది.

కుక్కపిల్లను తేవాలని పిల్లలు గోల పెడుతున్న యింట్లో పెద్దలు ముందు పంచాంగమో క్యాలెండరో తీసి చూడండి. రాబోయే నలభై రెండు రోజుల్లో రోజుకు అరగంట ఎవరిది? నైట్ షిఫ్టు వారాల్లో ఎవరు చూస్తారు? పరీక్షల రోజుల్లో ఎవరు? ఆ గళ్ళన్నింటిలోనూ ఒక్కొక్క పేరు పడితే, నిక్షేపంగా వెళ్ళి తెచ్చుకోండి. సగం గళ్ళు ఖాళీగా మిగిలితే మటుకు యీ ఏడాదికి గేటుకు తాళం వేసుకోండి. అది మొరగదు, కరవదు, నడిరాత్రి ఫ్యాక్టరీ గోడల వెనక నిలబడి మీ ఆటో వెళ్ళిన వైపే చూస్తూ వుండదు.